తుపాను వేళ ఆకాశంలో ఎడం

2023 డిసెంబరు 4, 5 తేదీలు మన ప్రకాశం, బాపట్ల తీరం వాళ్ళకి బాగా గుర్తుంటాయి. మిచాంగ్ తుపాను చెన్నైని ముంచెత్తి, నెల్లూరు తీరాన్ని ఒరుసుకుంటూ ఉత్తరంగా నడిచి, 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. పాకల ఒడ్డున వేట ఆగిపోయింది. చేలో ఉన్న పొగాకు, మిరప, పత్తి ఏమవుతాయోనని సింగరాయకొండ చుట్టుపక్కల రైతులకి నిద్ర లేదు. ఎవరి ఆరాటం వాళ్ళది. ఆ రెండు రోజులూ మనం నేల సంగతే చూసుకున్నాం.

అదే సమయంలో పైన ఆకాశంలో ఇంకో పని జరుగుతూ ఉంది. చెన్నై విమానాశ్రయాన్ని 4వ తేదీ పొద్దున మూసేశారు. మర్నాడు పొద్దునగానీ తెరవలేదు. అక్కడ దిగాల్సిన విమానాల్లో చాలావాటిని బెంగళూరుకి మళ్ళించారు. చెన్నైలో దిగనక్కర్లేని విమానాలు కూడా, ఆ తుపాను మేఘాల్ని తప్పించుకోడానికి తమ దారి వదిలి పక్కకి జరిగాయి. అన్ని విమానాలు ఒక్కసారిగా దారి మార్చుకుంటే ఒకదానికొకటి తగలకుండా చూసిందెవరు? ఎలా చూశారు? ఈ రోజు ఆ సంగతి చెప్పుకుందాం.

సింగరాయకొండకి విమానాశ్రయం లేదు. ఒంగోలుకీ లేదు. కానీ మన తల మీద ఆకాశానికి కాపలా ఉంది. దేశపు ఆకాశాన్ని ప్రధానంగా ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై అని నాలుగు ప్రాంతాలుగా పంచారు. మన జిల్లా చెన్నై ప్రాంతంలోకి వస్తుంది. ఆ ప్రాంతం మన తీరంతో ఆగదు. బంగాళాఖాతంలో చాలా దూరం పోతుంది. దాన్ని మళ్ళీ సెక్టార్లుగా విడదీశారు. ఒక్కో సెక్టారుకి ఒక రేడియో ఫ్రీక్వెన్సీ, ఒక రాడార్ తెర. ఆ తెర ముందు కూర్చునే మనిషే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్. 1995 ఏప్రిల్ 1న ఏర్పడిన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాలో ఉద్యోగి. చెన్నై నుంచి విజయవాడకీ, విశాఖకీ, కోల్‌కతాకీ పోయే విమానాలూ, అటునుంచి వచ్చేవీ ఈ తీరం దరిదాపుల్లోనే నడుస్తాయి. మన ఊరి పేరు కూడా వినని పైలట్, మన ఊరి మీదుగా పోతున్నంతసేపూ చెన్నైలోని ఆ మనిషి మాట వింటూ ఉంటాడు.

కంట్రోలర్ పని మొత్తాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే, ఎడం పాటించడం. ఈ ఎడం రెండు రకాలు.

మొదటిది ఎత్తులో ఎడం. ఒక విమానానికీ దాని పైనున్న విమానానికీ మధ్య కనీసం 1,000 అడుగులు ఉండాలి. తూర్పు దిక్కుగా సాగేవాటికి బేసి అంకెల ఎత్తులు, పడమటి దిక్కుగా సాగేవాటికి సరి అంకెల ఎత్తులు ఇస్తారు. చెన్నై నుంచి కోల్‌కతా పోయేది 35,000 అడుగుల్లోనో 37,000 అడుగుల్లోనో పోతుంది. కోల్‌కతా నుంచి చెన్నై వచ్చేది 36,000లోనో 38,000లోనో వస్తుంది. ఎదురెదురుగా వస్తున్నా ఇద్దరికీ ఒకే ఎత్తు రాదు. బాగా ఎత్తులో, అంటే 29,000 నుంచి 41,000 అడుగుల మధ్య, ఒకప్పుడు 2,000 అడుగుల ఎడం ఉండేది. అంత ఎత్తున గాలి పలచన కాబట్టి పాత పరికరాలు ఎత్తుని కచ్చితంగా చూపించలేకపోయేవి. పరికరాలు మెరుగుపడ్డాక మన దేశంలో 2003 నవంబరు 27 నుంచి అక్కడ కూడా 1,000 అడుగులే సరిపోతుందన్నారు. దాంతో అదే ఆకాశంలో దాదాపు రెట్టింపు దారులు వచ్చాయి.

రెండోది దూరంలో ఎడం. రెండు విమానాలు ఒకే ఎత్తులో ఉంటే, రాడార్ చూపు ఉన్నచోట మామూలుగా వాటి మధ్య 5 నాటికల్ మైళ్ళు, అంటే 9 కిలోమీటర్ల పైచిలుకు ఉండాలి. విమానాశ్రయం దగ్గర, రాడార్ బాగా అందేచోట ఇది 3 నాటికల్ మైళ్ళ దాకా తగ్గుతుంది. తొమ్మిది కిలోమీటర్లంటే సింగరాయకొండలో మనకి చాలా దూరం. పైన అది ఏమంత దూరం కాదు. జెట్ విమానం నిమిషానికి దాదాపు 15 కిలోమీటర్లు పోతుంది. ఎదురెదురుగా వచ్చే రెండు విమానాలు ఆ తొమ్మిది కిలోమీటర్లనీ 20 సెకన్లలోపే దాటేస్తాయి.

ఈ రెండు ఎడాల్లో ఏదో ఒకటి ఎప్పుడూ ఉండాలి. రెండూ పోయిన క్షణం ఏమవుతుందో మన దేశం ఒకసారి చూసింది. 1996 నవంబరు 12 సాయంత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం ఢీకొన్నాయి. 349 మంది చనిపోయారు. ఒక్కరూ మిగల్లేదు. కజకిస్తాన్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఉండమన్నారు. సౌదీ విమానాన్ని 14,000 అడుగుల దగ్గర ఉండమన్నారు. కజకిస్తాన్ విమానం తనకి చెప్పిన ఎత్తు దాటి కిందికి జారింది. విమానం ఎంత ఎత్తులో ఉందో కంట్రోలర్‌కి తెర మీద చూపించే సెకండరీ రాడార్ ఆ రోజున ఢిల్లీలో ఇంకా వాడుకలోకి రాలేదు. ఆ తర్వాతే ఎదురుగా వచ్చే విమానం గురించి పైలట్‌ని తనంతట తానే హెచ్చరించే పరికరాన్ని మన ఆకాశంలో తప్పనిసరి చేశారు. వచ్చే దారుల్నీ పోయే దారుల్నీ వేరు చేశారు.

ఇంతవరకూ చెప్పింది తెరిపి రోజు సంగతి. ఇక వాతావరణం చెడ్డ రోజుకి వద్దాం.

పైలట్ భయపడేది వానకి కాదు, క్యుములోనింబస్ మేఘానికి. వేసవిలో సాయంత్రం పూట పడమట నల్లమల వైపు నుంచి గోడలా లేచి వస్తుందే, ఉరుములు మెరుపుల మేఘం, అదే. కార్తీకంలో సముద్రం మీంచి వచ్చే వాయుగుండంలో కూడా అవే గుంపులుగా ఉంటాయి. మన వైపు వాటి తల 50,000 అడుగుల దాకా, ఒక్కోసారి ఇంకా పైకి కూడా పోతుంది. ప్రయాణికుల విమానం మామూలుగా 41,000 అడుగులు దాటదు. కాబట్టి మేఘం మీంచి ఎగిరి పోదామంటే కుదరదు. లోపల గాలి ఒకచోట పైకి తంతుంది, పక్కనే కిందికి లాగుతుంది. వడగళ్ళు ఉంటాయి, రెక్కలకి మంచు పడుతుంది. అందుకే తీవ్రమైన మేఘానికి 20 నాటికల్ మైళ్ళు, అంటే 37 కిలోమీటర్లు, పక్కగా పొమ్మని పైలట్లకి నేర్పుతారు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మేఘం దారిని మూస్తుంది. ఆ దారిలో పోవాల్సిన విమానాలన్నీ మిగిలిన సందు వైపుకే చేరతాయి. చోటు తగ్గింది, విమానాలు తగ్గలేదు. సింగరాయకొండ స్టేషన్లో అయితే ముందు బండి సెక్షన్ ఖాళీ చేసేదాకా వెనక బండికి సిగ్నల్ ఇవ్వరు. బండి పట్టాల మీద నిలబడి ఉంటుంది. విమానాన్ని అలా నిలబెట్టలేం. అది కదులుతూనే ఉండాలి, దాని ఇంధనం తగ్గుతూనే ఉంటుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. మన తీరం మీదుగా ఒక విమానం 36,000 అడుగుల్లో చెన్నైకి వస్తోందనుకోండి. ఒంగోలు దాటగానే పైలట్‌కి ముందు మేఘం కనపడింది. విమానం ముక్కులో ఉండే వెదర్ రాడార్ ఆ మేఘాన్ని ఎర్రగా చూపిస్తుంది. "మేఘం వల్ల దారికి ఎడమగా 20 మైళ్ళు జరగాలి" అని అడుగుతాడు. ఎడమ అంటే సముద్రం వైపు. కంట్రోలర్ ఆ పక్కన ఎవరున్నారో చూడాలి. చెన్నై నుంచి కోల్‌కతా పోయే విమానం అదే వేళకి 35,000 అడుగుల దగ్గర ఆగకుండా 37,000కి ఎక్కుతుంటే, మధ్యలో 36,000ని దాటాలి. అప్పుడు కంట్రోలర్ దాన్ని 35,000 దగ్గరే ఆపుతాడు. ముందు ఎత్తులో ఎడం ఖాయం చేసుకుని, ఆ తర్వాతే మొదటి పైలట్‌కి "సరే" అంటాడు. మేఘం దాటాక చెప్పమంటాడు. పైలట్ విన్నదంతా తిరిగి చదివి వినిపిస్తాడు. ఆ తిరిగి చెప్పిన మాటలో ఒక్క అంకె తేడా ఉన్నా కంట్రోలర్ పట్టుకోవాలి. ఇలాంటి అభ్యర్థనలు పదిమంది పైలట్ల నుంచి ఒకే నిమిషంలో, ఒకే ఫ్రీక్వెన్సీ మీద వస్తాయి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగాలి. చెడ్డ రోజున చాలామటుకు ప్రాణాలు నిలిపేది ఈ స్పష్టమైన, పొదుపైన మాటే.

ఇక్కడ ఇంకొక విషయం ఉంది. విమానం బాగా కుదుపుల్లో పడితే చెప్పిన ఎత్తులో కచ్చితంగా నిలబడలేదు. అప్పుడు పైలట్ ఆ మాట చెప్పేస్తాడు. కంట్రోలర్ వెంటనే 1,000 అడుగుల ఎడాన్ని మళ్ళీ పాత 2,000 అడుగులకి పెంచుతాడు. గమనించారా? ఆకాశంలో చోటు తక్కువైనప్పుడు ఎడం తగ్గించి సర్దుకోరు. ఇంకా పెంచుతారు. మరి సర్దుబాటు ఎక్కడ చేస్తారు? విమానాల సంఖ్యలో, కాలంలో. కొన్నింటిని నేల మీదే ఆపుతారు. కొన్నింటిని వెనక్కి పంపుతారు. కొన్నింటిని గాల్లోనే చుట్టూ తిప్పుతారు. ఆలస్యం అనేది ఇలా పుడుతుంది.

తీరం నుంచి సముద్రంలోకి దాదాపు 250 నాటికల్ మైళ్ళు దాటాక రాడార్ చూపు అందదు. అక్కడ విమానాలు తాము ఎక్కడున్నదీ ఉపగ్రహం ద్వారా చెప్తాయి. ఎడం కూడా పదుల నాటికల్ మైళ్ళలో ఉంచుతారు. అక్కడ మేఘం ఎదురై, అనుమతి అందేలోపే పక్కకి తిరగక తప్పకపోతే ఏం చెయ్యాలో ప్రపంచమంతటా ఒకే నియమం ఉంది. పైలట్ అందరికీ వినపడేలా రేడియోలో చెప్పాలి, లైట్లు వెయ్యాలి. దారి నుంచి 5 నాటికల్ మైళ్ళు దాటాక ఎత్తుని 300 అడుగులు మార్చుకోవాలి. తూర్పుకి పోతూ ఎడమకి తిరిగితే కిందికి, కుడికి తిరిగితే పైకి. పడమటికి పోయేవాళ్ళకి ఇదే తలకిందులు. మిగిలిన వాళ్ళందరూ వెయ్యి లెక్కల మీద ఉంటారు కాబట్టి, ఆ 300 అడుగులు పక్క దారిలో అదే ఎత్తున ఉన్నవాడి నుంచి కాపాడతాయి.

వాయుగుండం ఇంకో మోసం కూడా చేస్తుంది. విమానంలో ఎత్తు చూపించే పరికరం నిజానికి గాలి ఒత్తిడిని కొలుస్తుంది. తుపాను దగ్గర ఒత్తిడి పడిపోతుంది. నేల దగ్గర ఒక్క మిల్లీబారు తేడాకి సుమారు 27 అడుగుల తేడా వస్తుంది. ఒత్తిడి 20 మిల్లీబార్లు పడిపోయి, పైలట్ పరికరాన్ని పాత అంకె మీదే ఉంచితే, విమానం తాను అనుకున్నదానికంటే సుమారు 540 అడుగులు కిందున్నట్టు. దిగే వేళ అది ప్రాణాంతకం. అందుకే దిగబోయే ప్రతి విమానానికీ అప్పటి ఒత్తిడి అంకె చెప్తారు, తిరిగి చెప్పించుకుంటారు. బాగా ఎత్తులో పోయేవాళ్ళందరూ మాత్రం 1013 అనే ఒకే అంకె పెట్టుకుంటారు. తప్పున్నా అందరికీ ఒకే తప్పు, కాబట్టి వాళ్ళ మధ్య ఎడం చెదరదు.

ఇక దిగడం. విమానాశ్రయం మీద మబ్బు ఉంటే విమానాల్ని ఒకదాని మీద ఒకటి, వెయ్యేసి అడుగుల ఎడంతో చక్కర్లు కొట్టిస్తారు. అన్నిటికంటే కిందున్నది ముందు దిగుతుంది. తక్కినవి ఒక్కో మెట్టు దిగుతాయి. ఒక్కో చక్కరుకి దాదాపు నాలుగు నిమిషాలు. గాలి దిశ మారితే రన్‌వేకి రెండో వైపు నుంచి దిగాలి. అప్పుడు కట్టిన వరసంతా విప్పి మళ్ళీ కట్టాలి. సాధారణ పరికరాలున్న రన్‌వే అయితే, విమానం 200 అడుగుల ఎత్తుకి వచ్చేసరికి లైట్లు కనపడాలి. కనపడకపోతే మళ్ళీ పైకి లేవాలి. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను రోజున చెన్నైలో ఒక విమానం నేలకి దాదాపు ఆనుకుని, గాలికి ఒరిగి, మళ్ళీ పైకి లేచిన వీడియో చాలామంది చూసి భయపడ్డారు. ఆ పైలట్ చేసింది సరైన పని. అలా లేచే విమానానికి పైన చోటు ఖాళీగా ఉంచడం కంట్రోలర్ చేసిన పని. ఇంకా దిగలేని విమానం మరో ఊరికి పోతుంది. అక్కడికి పోవడానికీ, ఆ పైన మరో అరగంట గాల్లో ఉండడానికీ సరిపడా ఇంధనం ముందే పోసుకుని బయల్దేరాలన్నది నియమం. శీతాకాలం పొగమంచులో గన్నవరం దాకా వచ్చిన విమానం దిగకుండా హైదరాబాదుకి తిరిగి వెళ్ళిందని పేపర్లో చదువుతుంటాం. అది వైఫల్యం కాదు. ముందే వేసుకున్న లెక్క పనిచేసినట్టు.

ఈ కాపలాకి హద్దులు కూడా ఉన్నాయి. అవి తెలుగువాళ్ళం బాధతో తెలుసుకున్నవి. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు బాలయోగి గారి హెలికాప్టర్ చూపు అందని వాతావరణంలో కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు మరి నలుగురితో బేగంపేట నుంచి చిత్తూరు బయల్దేరారు. దారిలో దట్టమైన వాన మేఘాలు. తొమ్మిదిన్నర ప్రాంతంలో కంట్రోలర్లకి సంబంధం తెగిపోయింది. నల్లమలలో పావురాలగుట్ట దగ్గర శిథిలాలు మర్నాడుగానీ దొరకలేదు. కొండల మధ్య తక్కువ ఎత్తులో పోయే హెలికాప్టర్‌ని రాడార్ చూడలేదు. కనపడని దానికి, మాట వినపడని దానికి కంట్రోలర్ ఏ సాయమూ చెయ్యలేడు. అక్కడ కాపాడగలిగింది వెనక్కి తిరగాలన్న నిర్ణయం ఒక్కటే. ఆ నిర్ణయం తీసుకునే పైలట్ మీద ఎంత పెద్దవాళ్ళ పనైనా ఒత్తిడి కాకూడదు.

చోటు లేకపోతే ఎంత మంచి పైలటైనా ఇరుక్కుంటాడని 2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ పోయే విమానం చూపించింది. పఠాన్‌కోట్ దగ్గర వడగళ్ళ మేఘం ఎదురైంది. పైలట్ ఎడమకి, అంటే సరిహద్దు వైపుకి, జరుగుతానన్నాడు. అనుమతి రాలేదు. లాహోర్‌ని అడిగాడు. అక్కడా కాదన్నారు. ఆ రోజుల్లో రెండు దేశాలూ ఒకరి విమానాలకి ఒకరు ఆకాశం మూసుకుని ఉన్నాయి. విమానం మేఘంలోంచే పోవాల్సి వచ్చింది. ముక్కు దెబ్బతింది. అందరూ ప్రాణాలతో దిగారు.

ఇప్పుడు మన ఊరి హైవే సంగతి. 16వ నంబరు జాతీయ రహదారి మీద సింగరాయకొండ, కనుమళ్ళ దగ్గర వేసిన కాంక్రీటు రన్‌వేని చూసి, తుపానులో ప్రయాణికుల విమానాలు ఇక్కడ దిగుతాయని కొందరు అనుకుంటారు. దిగవు. విమానాశ్రయంలో ఉండే ఏర్పాట్లన్నీ ఇలాంటి చోట్ల ఉండవు. ఇవి వైమానిక దళం అవసరాలకి, విపత్తు సాయానికి వేసినవి. మనకి ఉత్తరాన అద్దంకి దగ్గర 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున వేసిన రన్‌వే మీద 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి మళ్ళీ ఎగిరాయి. సుఖోయ్, హాక్ విమానాలు దానిమీదికి వాలి పైకి లేచాయి. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమని ఊడ్చేసి, పది వేలమందికి పైగా ప్రాణాలు తీసినప్పుడు సాయం చేరడానికి దారులు లేవు. అలాంటిది మళ్ళీ వస్తే, గాలి తగ్గి ఆకాశం తెరిపిచ్చిన మొదటి గంటల్లో మందులూ మనుషులూ దిగడానికి ఈ కాంక్రీటు పనికొస్తుంది. రోడ్ల మీద పంట ఆరబోసే అలవాటు మనకి ఉంది. లారీలు ఆపుకునే అలవాటూ ఉంది. ఆ రన్‌వే ముక్క మీద మాత్రం ఆ పని వద్దు.

చివరిగా రెండు విన్నపాలు. వాతావరణం బాగా లేక మీ విమానం ఆలస్యమైతే, కౌంటర్లోని సిబ్బంది మీద కేకలు వెయ్యకండి. మీకూ మరో విమానంలో వాళ్ళకీ మధ్య ఎడం తగ్గించడం ఇష్టం లేక, మీ గంట కాలాన్ని కంట్రోలర్లు ఖర్చుపెట్టారు. అది సరైన ఖర్చు.

రెండోది మన యువతకి. ఈ కంట్రోలర్ ఉద్యోగానికి ఫిజిక్స్, మాథ్స్ ఉన్న బీఎస్సీ చాలు. ఆ సబ్జెక్టులు చదివిన ఇంజినీర్లూ రాయొచ్చు. ఎంపికైనవాళ్ళకి ప్రయాగ్‌రాజ్‌లో, హైదరాబాదు బేగంపేటలో శిక్షణ కేంద్రాలున్నాయి. దేశంలో విమానాలు పెరిగినంతగా ఈ కుర్చీల్లో మనుషులు పెరగలేదు. కందుకూరులో, ఒంగోలులో, చిలకలూరిపేటలో డిగ్రీ చదువుతున్న అమ్మాయిలూ అబ్బాయిలూ, ఈసారి ప్రకటన వచ్చినప్పుడు మీరు దరఖాస్తు పెట్టండి. ప్రశాంతంగా వినగల చెవీ, తడబడని మాటా, అలవాటైన క్రమశిక్షణా మీకు ఉంటే, వచ్చే తుపాను రోజున వందలమంది ప్రాణాలు మీ మాట మీద క్షేమంగా నేలకి దిగుతాయి.